రెండు రోజుల వెసులుబాటు

గురువారం పొద్దున, ఇంట్లో ఇంకా ఎవరూ కాఫీ అయినా తాగకముందే, చార్టయ్య భోజనాల బల్ల మీద దుప్పటంత కాగితం పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు.

చార్టయ్య అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పెద్ద పెద్ద భవనాలు కట్టే కంపెనీలో ఆయన ప్లానింగ్ మేనేజరు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో రంగురంగుల గీతలతో చార్టు గీయడం ఆయన ఉద్యోగం. ఆ కంపెనీ కట్టిన భవనం ఒక్కటైనా చెప్పిన రోజుకు పూర్తయిన పాపాన పోలేదు గానీ, చార్టులు మాత్రం కళ్ళకద్దుకునేలా ఉండేవి. ఆఫీసులో కుర్రకారు చాటుగా ఈ పేరు పెట్టింది. ఆ సంగతి ఆయనకు తెలిసిపోయింది. తెలిసి, మురిసిపోయాడు కూడా.

"ఇదేమిటండీ, పొద్దున్నే?" కాఫీ కప్పు పెట్టడానికి చోటు కోసం వెతుక్కుంటూ అడిగింది భార్య.

"మన ముందుగది. వచ్చే మంగళవారం సాయంత్రానికి ఇదే నీ క్లినిక్కు!"

భార్య పళ్ళ డాక్టరు. వీధిలో అందరూ డాక్టరమ్మ అంటారు. ఇన్నేళ్ళూ వేరొకాయన క్లినిక్కులో, ఆయన బోర్డు కింద, ఆయన కసుర్ల మధ్య పనిచేసింది. ఇన్నాళ్ళకు ధైర్యం చేసి రాజీనామా ఇస్తే, ఆ యజమాని కాగితం వంక చూడకుండానే నవ్వాడు. "వెళ్ళిరా అమ్మా. నీ చోటు ఎక్కడికీ పోదులే," అన్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కడం కంటే పళ్ళు ఊడగొట్టుకోవడం నయమని ఆమె అభిప్రాయం. పళ్ళ డాక్టరు ఆ మాట అన్నదంటే మామూలు మాట కాదు.

"అది సరే. నిన్న ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందని చెప్పానుగా. బుధవారం నుంచి శుక్రవారం లోపల ఏదో ఒక రోజు ఇన్‌స్పెక్టరమ్మ వస్తారట. గది చూసి, బాగుంటే అక్కడికక్కడే అనుమతి ఇస్తారట. ఈసారి తప్పితే మళ్ళీ ఆర్నెల్లకు గానీ మన వంతు రాదట. ఆర్నెల్లంటే నేను మళ్ళీ ఆయన దగ్గరికి..."

"తప్పడమేమిటి, నేనుండగా! ఇదిగో చూడు. ఈ నీలం గీత ప్లంబరు. ఈ ఎర్ర గీత టైల్స్ మేస్త్రి. పసుపు పెయింటరు. ఈ వంకాయరంగు నీ కుర్చీ. అన్నీ మంగళవారానికి ఖతం. ఇన్‌స్పెక్షను శుక్రవారం. మధ్యలో రెండు రోజుల వెసులుబాటు!"

"శుక్రవారమని ఎవరన్నారు? బుధవారమే రావచ్చుగా."

"గవర్నమెంటు వాళ్ళే! శుక్రవారం దాకా టైముంటే బుధవారం ఎవరొస్తారు? ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా."

డాక్టరమ్మ చార్టు మీదికి వంగి చూసింది. ప్రతి గీత చివరా ఒక ఆకుపచ్చ తోక ఉంది. ప్రతి తోక మీదా 'రెండు రోజులు' అని ఉంది.

"ఏమండీ, ఈ రెండు రోజులు మనిషికి రెండు రోజులా, అందరికీ కలిపి రెండు రోజులా?"

"అది టెక్నికల్ విషయం. నువ్వు పళ్ళు చూసుకో," అన్నాడు చార్టయ్య.

అందరికీ కలిపి రెండే. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. పనులు ఒకదాని వెనక ఒకటి నడిచేటప్పుడు వెసులుబాటు అందరి ఉమ్మడి సొత్తని, ముందున్నవాడు తినేస్తే వెనకవాడికి సున్నా అని, ఆఫీసులో ఏటా కొత్తవాళ్ళకు బల్ల గుద్ది మరీ పాఠం చెప్తాడు. కాకపోతే పాఠం చెప్పడం వేరు. మనిషి ఎదురుగా నిలబడి బుర్ర గోక్కుంటే కాదనడం వేరు.

ప్లంబరు ఆ రోజే వచ్చాడు. ముందుగది మధ్యలో నేల పగలగొట్టి, పైపులు వేయడానికి ఈ చివరి నుంచి ఆ చివరికి కాలవ తవ్వాడు. ఇంటికొచ్చే నీళ్ళు కట్టేశాడు. అప్పుడు బుర్ర గోక్కున్నాడు.

"సార్, మా బావమరిది ఇంట్లో ట్యాంకు కారిపోతోందంట. వెళ్ళకపోతే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు. ఓ రెండు రోజులు..."

చార్టయ్య ఫ్రిజ్జు మీద అంటించిన చార్టు దగ్గరికి వెళ్ళి, నీలం గీత మీద వేలు జరుపుకుంటూ తోక దాకా వచ్చాడు.

"నీకు రెండు రోజులుంది. హాయిగా వెళ్ళిరావయ్యా."

తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన ప్లంబరు గబగబా సామాను సంచీలో వేసుకున్నాడు. ఇందులో ఏదో మెలిక ఉందనుకుని, ఆ మెలిక బయటపడేలోపు బండెక్కి ఉడాయించాడు.

పది నిమిషాలకు అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. కూతురు క్లినిక్కు పెట్టుకుంటోందని సాయానికి వచ్చిన మనిషి ఆవిడ. అల్లుడంటే గౌరవం. ఆ గౌరవంతోనే చురకలు అంటిస్తుంది.

"అల్లుడుగారూ, కుళాయిలో నీళ్ళు రావట్లేదు."

"ప్రస్తుతం వెసులుబాటులో ఉన్నాం అత్తయ్యగారూ."

"అది ఏ కుళాయిలో వస్తుందో చెప్పండి, బకెట్టు పెడతాను."

శుక్ర, శనివారాలు చార్టయ్య పక్కింటి నుంచి నీళ్ళు మోశాడు. మోస్తూనే, ఇదంతా ముందే లెక్కలో ఉన్న విషయమని పక్కింటాయనకు వివరించాడు. పక్కింటాయన మోటారు ఆపేసి లోపలికి వెళ్ళిపోయాడు.

శనివారం టైల్స్ మేస్త్రి దిగాడు. టైల్స్ పెట్టెలు, ఇసుక, సిమెంటు బస్తాలు అన్నీ ముందు తలుపుకు అడ్డంగా దించి, లోపలికి తొంగిచూసి గుడ్లు తేలేశాడు.

"సార్! గోతిలో పైపులేవీ? ఉత్త గోతి మీద టైల్స్ పరిస్తే కింద ఎలకలు కాపరం పెడతాయి!"

"ప్లంబరు రేపొస్తాడు మేస్త్రీ."

"అయితే నేను వేరే పని చూసుకుని మంగళవారం వస్తా. మీరు చూపించిన చార్టులో నా గీతకీ ఆకుపచ్చ తోక ఉందిగా? అదేంటి సార్?"

ఇక్కడ చార్టయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ రెండు రోజులూ ప్లంబరు బావమరిది ట్యాంకులో కలిసిపోయాయని ఆయన మనసుకు తెలుసు. కానీ కాగితం మీద ఇంకా ఉన్నాయి. సొంత చార్టును పట్టుకుని అబద్ధమనడం కన్నబిడ్డను నలుగురిలో దొంగ అన్నట్టే. ఆ పని ఆయన వల్ల కాలేదు.

"నీకూ రెండు రోజులుంది," అన్నాడు చిన్న గొంతుతో.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా ఇసుక గుట్ట. పెరటి వైపు తిరిగి, వంటింటి తలుపులోంచి ఇంట్లో పడింది. చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటూ మొగుడి వంక చూసింది. ఆయన ఫ్రిజ్జు వంక చూశాడు.

ఆదివారం ప్లంబరు మాట ప్రకారమే వచ్చి, ఇంటికి నీళ్ళు వదిలి, పైపులు సగం దాకా వేశాడు. మిగతా సగానికి కావలసిన సామాను కొట్లు తెరిస్తే గానీ దొరకదన్నాడు. సోమవారం పెయింటరు వచ్చాడు. అనుకున్న రోజున, అనుకున్న గంటకు వచ్చినవాడు అతనొక్కడే. కొంప మునిగింది కూడా అక్కడే.

"ఇంకా నేల పని అవలేదయ్యా. నీకు రెండు రోజుల వెసులుబాటుంది, తర్వాత రా," అన్నాడు చార్టయ్య.

"నాకొద్దు సార్. రేపట్నుంచి నాకు వేరే చోట పని. ఈ రోజంటే ఈ రోజే."

ఇస్తానన్న వెసులుబాటు పుచ్చుకోని మనిషిని చార్టయ్య అంతవరకు చూడలేదు. అలాంటి వాడితో ఎలా మాట్లాడాలో ఆయన చదువులో లేదు. సాయంత్రానికి గోడలన్నీ మల్లెపువ్వులా తెల్లబడ్డాయి. ఆసుపత్రి గోడలు కడుక్కునేలా ఉండాలని వేయించిన ఆయిల్ పెయింటు అది. ఆరడానికి తీరిగ్గా సమయం తీసుకుంటుంది.

మంగళవారం పొద్దున్నే ప్లంబరు కాలవలో దిగాడు. మేస్త్రి కోతమిషను తెచ్చి టైల్స్ కోయడం మొదలుపెట్టాడు. గదంతా దుమ్ము లేచింది. లేచిన దుమ్ము లేచినట్టే వెళ్ళి తడి గోడలకు అతుక్కుంది. మధ్యాహ్నానికి గోడ మీద చెయ్యి వేస్తే తోలు ఊడేలా తయారైంది. చార్టయ్య గోలపెట్టి ఫోన్ చేస్తే పెయింటరు వచ్చి చూసి, గోడను ప్రేమగా నిమిరాడు.

"దీన్ని టెక్స్చరంటారు సార్. బయట దీనికి రేటెక్కువ."

అప్పుడే కుర్చీ వచ్చింది. పళ్ళ డాక్టరు కుర్చీ అంటే ఆషామాషీ సరుకు కాదు. నలుగురు మోస్తే గానీ కదలదు. దానికో దీపం, పక్కన ఉమ్మడానికో గిన్నె, కింద నీళ్ళ గొట్టాలు. కుర్చీ కంపెనీ మెకానిక్కు ముందు ఇసుక గుట్టను చూశాడు. తర్వాత కాలవను, కాలవలో ప్లంబరును చూశాడు.

"గురువారం రావయ్యా," అన్నాడు చార్టయ్య. "నీకు కూడా రెండు..."

"మాకు అలాంటివుండవు సార్. ఈ రోజు బిగించాలి, నడిపించి చూపించాలి, సంతకం తీసుకోవాలి. లేకపోతే కుర్చీ వెనక్కి పోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. నీళ్ళు, డ్రైనేజీ, కరెంటు మూడూ ఒకచోట ఉన్న గది చూపించండి."

ఇల్లంతా గాలించినా ఆ మూడూ ఒకచోట ఉన్నది వంటింట్లోనే. అత్తగారు పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడి చూస్తూండగానే నలుగురూ పెరటి తలుపులోంచి కుర్చీని లోపలికి తోశారు. మెకానిక్కు నేలకు రంధ్రాలు కొట్టి, బోల్టులు దింపి, సింకు కింది పైపుకు గొట్టాలు కలిపి, మీట నొక్కాడు. కుర్చీ బుసకొడుతూ పైకి లేచింది. చార్టయ్య సంతకం పెట్టాడు.

పాత క్లినిక్కులో ఆఖరి రోజు ముగించుకుని డాక్టరమ్మ ఇల్లు చేరేసరికి, అమ్మ ఆ కుర్చీలో వెనక్కి వాలి, దీపం వెలుతురులో ఒడిలో పళ్ళెం పెట్టుకుని బీన్స్ తరుగుతోంది.

"నడుముకి ఎంత హాయిగా ఉందో అమ్మాయ్! ఇదిగో, ఇది నొక్కితే కాళ్ళు కూడా లేస్తాయి."

డాక్టరమ్మ సంచీ కింద పడేసింది. ముందుగదిలోకి వెళ్ళి చూసింది. ఇంకా పూడని గొయ్యి, సగం పరిచిన నేల, గరుకు గోడలు. వెనక్కి వచ్చింది.

"ఆ రెండు రోజులు ఎవరికిచ్చారు?"

"ప్లంబరుకి."

"ఇంకా?"

"మేస్త్రికి."

"ఇంకా?"

"పెయింటరుకీ, కుర్చీ వాడికీ ఇద్దామనుకున్నా. వాళ్ళు పుచ్చుకోలేదు." గొంతు సవరించుకున్నాడు. "టెక్నికల్‌గా చూస్తే..."

"చూడకండి!" అని అరిచింది. ఆ గొంతు విని అత్తగారు కుర్చీ దిగింది. "ఇన్నేళ్ళు ఇంకొకళ్ళ బోర్డు కింద తలొంచుకుని పనిచేశానండీ. ఈ రోజు వచ్చేస్తుంటే ఆయన మళ్ళీ అదే నవ్వు నవ్వాడు. నా గది తలుపుకి తాళం కూడా వెయ్యట్లేదట. నేను వెనక్కొస్తానని అంత నమ్మకం ఆయనకి! మీరేమో నా రోజుల్ని తీసుకెళ్ళి ఊళ్ళోవాళ్ళకి పంచిపెట్టారు." కళ్ళు తుడుచుకుని వెళ్ళి పడుకుంది.

చార్టయ్యకు నిజంగానే బాధేసింది. మనిషి చెడ్డవాడు కాదు, పాపం. బాధలో కూడా రేపూ ఎల్లుండీ పగలంతా పనిచేయిస్తే శుక్రవారానికి అందుకోవచ్చని కొత్త గీతలు గీసుకుని పడుకున్నాడు.

బుధవారం పొద్దున పెరటి తలుపు చప్పుడైంది. తీసిచూస్తే ఒకావిడ. చేతిలో ఫైలు, మెడలో ఆఫీసు కార్డు, చెప్పుల నిండా ఇసుక.

"ముందు దారి మూసేశారేంటండీ? ఆరోగ్యశాఖ. ఇన్‌స్పెక్షను."

చార్టయ్యకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అయినా నోరు మాత్రం అలవాటు కొద్దీ ఆడింది.

"మేడం, మీకు శుక్రవారం దాకా వెసులుబాటుంది కదండీ..."

"ఉందండీ. అది నాది."

నీలం గీత తోక, ఎర్ర గీత తోక, అన్ని తోకలూ ఒక్కసారిగా చార్టయ్య కళ్ళ ముందు ఆడాయి. ప్లంబరుకూ మేస్త్రికీ ఆయన దర్జాగా దానం చేసిన రెండు రోజులూ అసలు ఆయనవే కావు. ఎదురుగా నిలబడి చెప్పులు దులుపుకుంటున్న ఈవిడవి.

ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి వచ్చి చుట్టూ కలయజూసింది. కుర్చీ దీపం వేసి ఆర్పింది. కుళాయి తిప్పింది. నీళ్ళు ఎటు పోతున్నాయో వంగి చూసింది. గోడలకు నిలువెత్తు దాకా ఉన్న టైల్స్ మీద వేలితో రాసి, ఆ వేలిని వెలుతురులో పరీక్షించింది. అత్తగారు రోజూ తుడిచే గోడ అది. వేలికి ఏమీ అంటలేదు.

"నీళ్ళున్నాయి. డ్రైనేజీ ఉంది. కడిగే గోడలు, గాలి, కిటికీ, బయటి నుంచి పేషెంట్లకు విడిగా దారి. కుర్చీ బిగించారు. బాగానే ఉందే." తర్వాత పొయ్యి వైపు తిరిగింది. "ఇదేంటి?"

"అది... మేడం, నిజానికి ఇది..." చార్టయ్య నిజం చెప్పబోయాడు. ఆయన జీవితంలో నిజం చెప్పడానికి అంతకంటే పనికిమాలిన క్షణం రాలేదు.

"ఇదే నా క్లినిక్కండీ," అంది డాక్టరమ్మ, ఆయన్ను మోచేత్తో పక్కకు తోసి. తల దువ్వుకోలేదు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా వణకలేదు. "పొయ్యి తీసేస్తున్నాం. వంటిల్లు ముందుగదికి మారుతోంది."

అత్తగారి చేతిలో గరిటె జారిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని కూడా చూసింది.

"గదిని ఇంతకుముందు ఏమని పిలిచేవారో రూల్లో లేదు. కానీ పొయ్యి, గ్యాసు, తినే వస్తువు ఒక్కటి కనబడినా కుదరదు. పై వీధిలో నాకింకో రెండు చోట్ల పనుంది. నాలుగింటికి మళ్ళీ వస్తా."

ఆవిడ అటు వెళ్ళగానే చార్టయ్య పెన్సిలు అందుకున్నాడు. డాక్టరమ్మ అది లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేసింది.

"అందరూ ఇటు రండి!" అని అప్పుడే ముందుగదిలో పనికి దిగినవాళ్ళను కేకేసింది. "ప్లంబరూ, ముందుగదిలో నా కుర్చీకని వేస్తున్న పైపులు ఇప్పుడు అమ్మ సింకుకి. మేస్త్రీ, ఆ గొయ్యి పూడ్చి పొయ్యికి గట్టు కట్టు. నాలుగింటికి. ఎవరికీ ఒక్క నిమిషం కూడా వెసులుబాటు లేదు."

"అమ్మా, మా బావమరిది..." అని మొదలుపెట్టాడు ప్లంబరు.

"మీ బావమరిదిని కూడా రమ్మను."

నిజంగానే బావమరిది వచ్చాడు. టెక్స్చరు గోడను ఫొటో తీసుకుని పోదామని వచ్చిన పెయింటరు చేతిలో అత్తగారు పప్పుల డబ్బాలు పెట్టింది. వాటిని ఎక్కడ దించాలో తెలియక అతను వాటితోనే చాలాసేపు తిరిగాడు. చార్టయ్యకు గ్యాసు సిలిండరు అప్పగించారు. దాన్ని దొర్లించుకుంటూ వెళ్ళి ఇసుక గుట్టలో కూరుకున్నాడు. అత్తగారు బిగ్గరగా అందరినీ తిడుతూ, మధ్యలో గట్టు ఎత్తు తన నడుముకు సరిపోవాలని మేస్త్రి చేత మూడుసార్లు కట్టించింది. వారం రోజులుగా కదలని పని మధ్యాహ్నం లోపల కదిలింది. కాఫీ అడిగిన వాడు లేడు, బుర్ర గోక్కున్న వాడు లేడు.

నాలుగింటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. అల్మరాలు తెరిచింది. మూలలు వాసన చూసింది. కుర్చీ కింద దొరికిన ఒక్క బీన్స్ ముక్కను రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించింది. ఆవిడ దాన్ని కిటికీలోంచి పారేసి, ఫైలు తెరిచి సంతకం పెట్టింది.

"రేపట్నుంచి మొదలుపెట్టుకోవచ్చు. ఒక్క మాట, అనుమతి ఈ గదికే. వేరే గదికి మారిస్తే మళ్ళీ మొదటి నుంచీ."

డాక్టరమ్మ ఆవిడను పెరటి గేటు దాకా సాగనంపి వచ్చి, తన కుర్చీ మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తర్వాత ఫోన్ తీసి పాత యజమానికి చేసింది. "నమస్కారమండీ. ఆ గదికి తాళం వేసేసుకోండి," అని పెట్టేసింది.

రాత్రి భోజనాలు ముందుగదిలో, కొత్త పొయ్యి పక్కన. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. ముందు తలుపు తీస్తే తిన్నగా వంటింట్లోకే రావాలి గనక, ఇకమీదట చుట్టాలు గడప దాటకముందే కూరేమిటో తెలుసుకుంటారని అత్తగారు దిగులుపడింది. చార్టయ్యకు మాత్రం అప్పటికే ఊపు వచ్చేసింది.

"ఒక రకంగా చూస్తే, శుక్రవారానికి అనుకున్న పని బుధవారానికే అయింది. అంటే మన ప్లానింగు రెండు రోజులు ముందు..."

కటుక్కుమంది. అన్నంలో టైలు ముక్క. చార్టయ్య దవడ పట్టుకుని మెల్లగా వంగాడు.

"ఏదీ, చూపించండి," అని లేచింది డాక్టరమ్మ.

"అబ్బే, పెద్ద నొప్పేం లేదు. ఓ రెండు రోజులు చూద్దాంలే..."

డాక్టరమ్మ ఆయన రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. దీపం వేసి, మీట నొక్కింది.

నోరు తెరిచి కూడా చార్టయ్య ప్లానింగు గురించి మాట్లాడకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.